తరగతి గదిలో ప్రజాస్వామ్యం: ఎన్నిక, సభ, తగాదా ఎలా నడపాలి

మన బడుల్లో పౌరవిద్య ఎలా సాగుతుందో మనకు తెలియనిది కాదు. నవంబరు 26న ప్రార్థన సమయంలో రాజ్యాంగ ప్రవేశిక చదివిస్తాం, ఫోటో తీసి గ్రూపులో పెడతాం. జనవరి 25న ఓటరు ప్రతిజ్ఞ, మర్నాడు జెండా, మిఠాయి. ఎనిమిదో తరగతి పిల్లవాడు పరీక్షలో ప్రాథమిక హక్కులు ఆరూ వరుసగా రాసి పూర్తి మార్కులు తెచ్చుకుంటాడు. తన తరగతిలో ఫ్యాను కింద ఎవరు కూర్చోవాలన్న పేచీ వస్తే మాత్రం బలమున్నవాడిదే బెంచీ. ఆ రెంటి మధ్య ఉన్న ఖాళీని ఉపన్యాసంతో పూడ్చలేం. పిల్లలకు చిన్నదైనా సరే, నిజమైన అధికారం కొంత ఇచ్చి, దాన్ని పద్ధతి ప్రకారం వాడటం నేర్పాలి. ఎలాగో చెప్పడమే ఈ వ్యాసం పని.

ఇది ముఖ్యంగా ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా చెప్పే ఉపాధ్యాయుల కోసం. పదో తరగతి వాళ్లను పబ్లిక్ పరీక్షలు మింగేస్తాయి కాబట్టి వాళ్ల జోలికి వెళ్లకపోవడమే మేలు. కావలసినవి: ఒక లాంగ్ నోటుబుక్కు, మూతకు చీలిక పెట్టిన ఒక అట్టపెట్టె, వారానికి ఒక పీరియడు. వీటితోపాటు హెడ్మాస్టరు గారి అనుమతి, మన నోటికి కాస్త అదుపు. చివరిదే కష్టం.

ముందు ఏం ఇవ్వగలరో తేల్చుకోండి

చాలా బడుల్లో పాఠశాల పార్లమెంటు పేరుతో ప్రధానమంత్రి, విద్యామంత్రి, ఆరోగ్యమంత్రి అని పదవులు పంచుతారు. బ్యాడ్జీలు కుట్టిస్తారు, ప్రమాణ స్వీకారం చేయిస్తారు. ఆ తర్వాత ఆరోగ్యమంత్రి చేసే పని సుద్దముక్కలు తేవడం. అధికారం లేని పదవికి ఎన్నిక పెట్టి మనం నేర్పేది ఒకటే: ఎన్నికలంటే ఉత్తి తంతు అని.

అందుకని ఎన్నికకు ముందే హెడ్మాస్టరు గారితో కూర్చుని ఒక జాబితా రాసుకోండి. పిల్లలు తేల్చుకోగలిగినవి, మనం నిజంగా వదులుకోగలిగినవి మాత్రమే అందులో ఉండాలి. కూర్చునే వరుసలు, తరగతి ఊడ్చే వంతులు, ఆట వస్తువుల పంపకం, గ్రంథాలయ పుస్తకాలు ఇచ్చే రోజు, మధ్యాహ్న భోజనం దగ్గర వరుస, కుళాయి దగ్గర కంచాలు కడుక్కునే క్రమం, వార్షికోత్సవంలో తమ తరగతి ఏం ప్రదర్శించాలన్నది. ఇవి చాలు. పిల్లల రోజులో సగం గొడవలు వీటి చుట్టూనే తిరుగుతాయి.

వాళ్ల చేతికి ఇవ్వకూడనివి కూడా అదే కాగితం మీద రాయండి: మార్కులు, హాజరు, తోటివాళ్లకు శిక్షలు, డబ్బు వసూళ్లు. 'టీచరు లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం' అనే పాత ఉద్యోగాన్ని లీడరు నుంచి పూర్తిగా తీసేయండి. అది నాయకత్వం కాదు, కాపలా. పైగా పేరు చెరిపేయడానికి పెన్సిళ్లు చేతులు మారతాయని మనందరికీ తెలుసు.

జాబితా చేతికి వచ్చాక ఒక మాట గట్టిగా పట్టుకోవాలి. ఇచ్చిన విషయంలో పిల్లలు మనకు నచ్చని నిర్ణయం తీసుకున్నా, అది ఎవరికీ హాని చేయనంతవరకు అమలు కావాలి. ఒక్కసారి 'అదేం కుదరదు' అని కొట్టేస్తే ఆ ఏడాదికి ఆట ముగిసినట్టే.

నియమాలు వాళ్ల చేతే రాయించండి

బడి తెరిచిన రెండో వారంలో మొదలుపెట్టండి. 'మన తరగతి బాగా నడవాలంటే ఏం ఉండాలి?' అని అడిగి, తలా ఒక చీటీ మీద రాయమనండి. మొదటి రోజు వచ్చేవి దాదాపు అన్నీ శిక్షలే: ఆలస్యమైతే పది రూపాయలు, మాట్లాడితే గుంజీలు, హోంవర్కు చేయకపోతే బయట నిలబెట్టాలి. పిల్లలు తాము చూసిందే రాస్తారు, వాళ్లను తప్పుపట్టకండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించిందని అప్పుడే చెప్పండి. తరగతి గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయి, ఆ తర్వాత అందరూ మీవైపే చూస్తారు. చూడనివ్వండి. చట్టం మనకూ వర్తిస్తుందని తెలియడం ఆ రోజు పాఠంలో భాగం.

చీటీలను కలిపి ఏడెనిమిది వాక్యాల ముసాయిదా తయారుచేయించి, గోడకు వారం రోజులు అంటించండి. ఎవరికి ఏ మార్పు కావాలన్నా సవరణ రాసి కింద గుచ్చాలి. రాజ్యాంగ సభలో జరిగింది ఇదే. ముసాయిదా రాజ్యాంగానికి 7,635 సవరణలు వచ్చాయి, వాటిలో 2,473 సభలో ప్రతిపాదనకు వచ్చాయి. 1949 నవంబరు 25 నాటి ప్రసంగంలో అంబేద్కరే ఈ లెక్క చెప్పారు. ఈ అంకెలు పాఠంలో భాగంగా చెబితే పిల్లలు రాసుకుని మరచిపోతారు. తమ గోడ మీద పది సవరణలు తేల్చడానికే ఒక పీరియడు చాలక అవస్థ పడ్డ రోజున చెబితే నోరు తెరుచుకుని వింటారు.

నియమాల్లో కనీసం ఒకటి టీచరుకు సంబంధించినదై ఉండాలి. 'దిద్దిన నోటుబుక్కులు వారంలోగా తిరిగి ఇవ్వాలి' అని పిల్లలు రాస్తే సంతకం పెట్టండి.

నియమం అందరికీ ఒకటేనన్న మాట చెప్పడానికి మన దగ్గరే మంచి కథ ఉంది. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరిగాయి. ఖద్దరు ప్రదర్శన వాకిట్లో టికెట్లు చూసే పని ఒక పద్నాలుగేళ్ల బాలికది. టికెట్టు లేకుండా లోపలికి రాబోయిన జవహర్‌లాల్ నెహ్రూను ఆమె ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి మందలిస్తే, మీరు చెప్పిన పనే చేస్తున్నానంది. చివరికి రెండణాల టికెట్టు కొన్నాకే ఆయన్ను వెళ్లనిచ్చింది. ఆమె రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుంది. కథ చెప్పి ఊరుకోకండి. 'హెడ్మాస్టరు గారు వరుస తప్పి కుళాయి దగ్గరికి వస్తే నువ్వేం చేస్తావు?' అని అడగండి. జవాబులు సరదాగా ఉంటాయి, కొన్ని ఆలోచింపజేస్తాయి కూడా.

ఎన్నిక: మనం చేసిన డ్యూటీనే మళ్లీ చేయాలి

మన రెండు రాష్ట్రాల్లో పోలింగు డ్యూటీకి వెళ్లని ప్రభుత్వ టీచరు అరుదు. సామగ్రి సంచి మోసుకుంటూ బస్సెక్కి, రాత్రి బడి వరండాలో పడుకుని, తెల్లవారుజామున ఏజెంట్ల ముందు మాక్ పోల్ (అసలు పోలింగుకు ముందు జరిపే నమూనా ఓటింగు) నడిపిన అనుభవం ఇక్కడ అచ్చంగా పనికొస్తుంది. చేతులెత్తించి 'ఎవరికి ఎక్కువ?' అని తేల్చే ఎన్నిక పెట్టవద్దు. చేతులెత్తే ఓటులో స్నేహితుడికి భయపడేవాళ్లు ఎక్కువ. ఓటు రహస్యంగా ఉండటం ఎందుకో పిల్లలకు వెంటనే అర్థమయ్యే చోటు ఇదే.

మొదట ఓటర్ల జాబితా. హాజరు పట్టీ చూసి పిల్లల చేతే రాయించి, తలుపుకు అంటించి, అభ్యంతరాలకు రెండు రోజులు గడువివ్వండి. ఇక్కడే ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. అమ్మానాన్నలతో పాటు మిరపకాయలు కోయడానికో పత్తి తీయడానికో వలస వెళ్లి, నెలరోజులుగా బడికి రాని పిల్లవాడి పేరు ఉంచాలా, తీసేయాలా? మీరు తేల్చకండి. 'వాడు రాడుగా సార్' అనేవాళ్లూ 'వచ్చాక వాడికీ లీడరేగా' అనేవాళ్లూ ఇద్దరూ ఉంటారు. ఆ వాదన పది నిమిషాలు సాగినా నష్టం లేదు.

నామినేషనుకు ఒక ప్రతిపాదకుడు, ఒక బలపరిచేవాడు ఉంటే చాలు. 'బాగా చదివేవాళ్లే పోటీ చేయాలి' అన్న షరతు పెట్టవద్దు. బ్రిటిషు కాలపు ఎన్నికల్లో ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలు ఉన్నవాళ్లకే ఓటు ఉండేది. ఆ గడపలన్నీ తీసేసి వయోజనులందరికీ ఓటు ఇచ్చింది మన రాజ్యాంగం. మార్కుల షరతు పెట్టడమంటే పాత గడపను మళ్లీ తెచ్చి తరగతి గుమ్మంలో పెట్టడమే. ఉపసంహరణ రోజున మాత్రం కన్ను వేసి ఉంచండి. ఎవరైనా పిల్ల హఠాత్తుగా 'నాకొద్దు టీచర్' అంటే కారణం విడిగా, మెల్లగా అడగండి.

అమ్మాయిల సంగతి ముందే ఆలోచించాలి. లీడరు అబ్బాయి, సెకండ్ లీడరు అమ్మాయి అన్నది ఎవరూ రాయకపోయినా నడిచే చట్టం. మన రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలకు కేటాయించారు. అదే పద్ధతి తరగతిలో పెట్టండి: పదవీకాలం మూడు నెలలు, ఒక విడత లీడరు పదవి అమ్మాయిలకు, తర్వాతి విడత అందరికీ. అబ్బాయిలు గొణుగుతారు. రిజర్వేషను ఎందుకన్న చర్చ పాఠ్యపుస్తకం తెరవకుండానే మొదలవుతుంది.

ప్రచారానికి ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, ఒక కాగితం. వాగ్దానాలు మన జాబితాలోని అధికారాల పరిధిలోనే ఉండాలి. 'గెలిస్తే శనివారం సెలవు' అన్న అభ్యర్థిని ఏ అధికారంతో ఇస్తావని తరగతే అడగాలి. ఎవరో ఒకరు చాక్లెట్లు పంచుతారు, ఖాయం. తిట్టకండి. వారానికోసారి జరిపే తరగతి సభలో పెట్టండి. 'చాక్లెట్టు తిని వేరేవాళ్లకు ఓటేస్తే తప్పా?' అన్న ప్రశ్న వదిలితే తరగతి రెండుగా చీలుతుంది. ఇంట్లో పెద్దలు ఎన్నికలప్పుడు మాట్లాడుకునే మాటలన్నీ అక్కడ బయటపడతాయి. అన్నీ విన్నాక, ఓటుకు లంచం ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ నేరమేనని చెప్పండి. అభ్యర్థి మీద ఏం చర్య తీసుకోవాలో ముందే రాసిపెట్టుకున్న నియమం ఉంటే దాని ప్రకారమే చేయండి, లేకపోతే ఈసారికి వదిలేసి వచ్చే ఎన్నికకు నియమం చేయించండి. ఆట మధ్యలో నియమం మార్చకూడదన్నది కూడా నేర్వవలసినదే.

పోలింగు రోజున నలుగురు పిల్లలకు డ్యూటీ వేయండి. మొదటి అధికారి జాబితాలో పేరు చూసి పైకి చదవాలి, ఏజెంట్లు వినాలి. రెండో అధికారి ఎడమచేతి చూపుడువేలికి మార్కరుతో గీత పెట్టి సంతకం తీసుకోవాలి. మూడో అధికారి బ్యాలెట్టు ఇవ్వాలి. ప్రిసైడింగు అధికారి పెట్టె దగ్గర ఉండాలి. అసలు సిరాలో వెండి నైట్రేటు ఉంటుందని, అది మైసూరులోని ప్రభుత్వ రంగుల కర్మాగారంలో తయారవుతుందని, 1962 సాధారణ ఎన్నికల నుంచి వాడుకలో ఉందని ఆ గీత పెట్టేటప్పుడు చెబితే సైన్సు టీచరు కూడా వచ్చి నిలబడతారు.

బ్యాలెట్టు మీద అక్షరక్రమంలో పేర్లు, పక్కన గుర్తులు, చివర నోటా. గుర్తులు ఎందుకంటే 1951-52 తొలి ఎన్నికల నాటికి దేశంలో ఎక్కువ మందికి చదువు రాదు. అప్పుడు ఒక్కో అభ్యర్థికి గుర్తు అంటించిన విడి పెట్టె ఉండేది. నోటా 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. ఓటు వేసే చోటు బీరువా చాటున ఉంటే చాలు. ఫోనులో ఓటింగు యంత్రం లాంటి యాప్‌లు దొరుకుతాయి, చూడముచ్చటగానూ ఉంటాయి. నేనైతే కాగితమే వాడమంటాను. లెక్క అందరి కళ్లముందు, పిల్లల వేళ్లతో జరగాలి.

పోలింగు మొదలయ్యే ముందు ఖాళీ పెట్టెను ఏజెంట్లకు తలకిందులు చేసి చూపించండి. లెక్కింపులో మొదట మొత్తం చీటీలు, జాబితాలో పడిన సంతకాలు సరిపోయాయో లేదో చూడాలి. చెల్లని ఓటు ఏదన్నది లెక్కింపుకు ముందే చెప్పి ఉండాలి. ఇద్దరికి సమానంగా వస్తే లాటరీ. అసలు చట్టంలోనూ అంతే. నలభై రెండు మంది ఓటర్లున్న తరగతిలో అయిదుగురు పోటీపడి పదమూడు ఓట్లొచ్చినవాడు గెలిచాడనుకోండి. 'మిగతా ఇరవై తొమ్మిది మందికి ఇతను అక్కర్లేదు కదా, మరి ఇతనెలా నాయకుడు?' అని ఒక్కసారి అడగండి. రాష్ట్ర రాజకీయాల మీద గంట ఉపన్యాసం కంటే ఆ ప్రశ్న ఎక్కువ పని చేస్తుంది.

ఓడినవాళ్లను మరవకండి. ఒకే ఓటు వచ్చిన పిల్లవాడికి ఆ రోజు ఇంటికి వెళ్లడం కష్టమే. అంకెలు దాచకూడదు, కాబట్టి పోలింగుకు ముందే అభ్యర్థులందరితో విడిగా మాట్లాడి ఉంచాలి. రెండో స్థానంలో వచ్చినవారికి వారసభలో మొదటి ప్రశ్న అడిగే హక్కు ఇవ్వండి. ప్రతిపక్షం అంటే శత్రువు కాదని, లెక్క అడిగేవారని అలా తెలుస్తుంది.

వారానికి ఒక సభ

ఎన్నిక ఒక పూట సందడి. అసలు చదువు వారసభలో ఉంది. శనివారం చివరి పీరియడు అనుకూలం. అధ్యక్షత లీడరుకు ఇవ్వకండి, వంతుల ప్రకారం ఒక్కో వారం ఒక్కొక్కరికి. ఇంకొకరు మినిట్సు, అంటే సభలో తేలినవన్నీ, రాయాలి. వారమంతా పెట్టెలో పడిన చీటీల నుంచి రెండే అంశాలు తీసుకోవాలి. రెండు దాటితే ఏదీ తేలదు. డస్టరు చేతిలో ఉన్నవాళ్లే మాట్లాడాలి. ఒకసారి మాట్లాడినవాళ్లకు, ఇంకా మాట్లాడనివాళ్లందరి వంతు అయ్యాకే మళ్లీ డస్టరు. టీచరు వెనక బెంచీలో కూర్చుని, మాట్లాడాలంటే చెయ్యెత్తాలి.

మా ఎనిమిదో తరగతిలో రెండు ఫ్యాన్లు, తిరిగేది ఒకటే. దాని కింద బెంచీల కోసం ఉదయం తొమ్మిదింటికే పరుగు. సభలో ఒకడు డస్టరు తీసుకుని, "రోల్ నంబరు ప్రకారం ప్రతి సోమవారం ఒక వరుస జరుగుదాం" అన్నాడు. అందరూ తలూపారు. అధ్యక్షురాలు ఓటుకు పెట్టబోయింది. మూలన ఉన్న అమ్మాయి చెయ్యెత్తింది. డస్టరు అందుకుని చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "వెనక్కి వెళితే నాకు బోర్డు కనిపించదు" అంది. అప్పటిదాకా ఆ సంగతి టీచర్లెవరికీ తెలియదు, పక్కనున్న అమ్మాయి నోట్సు చూసి రాసుకుంటోంది. వెనక నుంచి ఒకడు, "అయితే అందరూ కనిపించదంటారు" అన్నాడు. "నువ్వు అక్కడి నుంచి చదివి చూపించు" అని అధ్యక్షురాలు బోర్డు వైపు చూపించింది. వాడు గడగడా చదివాడు, అంతా నవ్వారు.

ఆ వారం మినిట్సు ఇలా ఉన్నాయి: 'ప్రతి సోమవారం వరుసలు మారాలి. చూపు సమస్య ఉన్నవాళ్లు ఎప్పుడూ మొదటి రెండు బెంచీల్లోనే. రెండో ఫ్యాను బాగు చేయించమని హెచ్.ఎం. గారికి ఉత్తరం రాయాలి, బాధ్యత లీడరుది. అనుకూలం 31, వ్యతిరేకం 6.' అందరినీ ఒకేలా చూడటానికీ అందరికీ అందేలా చూడటానికీ తేడా ఏమిటో 14, 15 అధికరణాలు చెప్పే రోజున ఈ పేజీ తీసి చదివించండి. చూపు సంగతి మాత్రం సభకు వదలకూడదు. ఆ వారమే ఇంటికి కబురుపెట్టి కంటి పరీక్ష చేయించాలి.

మినిట్సు పుస్తకంలో ప్రతి తీర్మానానికి ఎదురుగా 'ఎవరు, ఎప్పటిలోగా' అని రెండు గళ్లు తప్పనిసరి. వచ్చే సభ మొదట్లో వాటినే చదవాలి. పని జరగకపోతే లీడరు నిలబడి ఎందుకో చెప్పాలి. మీరు చేయాల్సిన పని జరగకపోతే మీరూ నిలబడి చెప్పాలి.

ఓటుకు పెట్టకూడనివి

ఎప్పుడో ఒకప్పుడు సభ తప్పు తీర్మానం చేస్తుంది. రోజూ ఆలస్యంగా వచ్చే ముగ్గురే నెలంతా తరగతి ఊడవాలని 30 మంది చేతులెత్తుతారు. ఆ ముగ్గురూ పొద్దున్నే పాలు పోసో, గేదెలకు గడ్డి వేసో వచ్చేవాళ్లు అయి ఉంటారు. ఇక్కడ మీరు ఆపాలి. ఆపి, ఎందుకు ఆపారో చెప్పాలి. ఎక్కువ మంది కోరుకున్నారు కాబట్టి అది న్యాయం అయిపోదు. అందుకే రాజ్యాంగంలో ప్రాథమిక హక్కులున్నాయి, వాటిని కాలరాసే చట్టం చెల్లదని 13వ అధికరణం చెబుతుంది, చెల్లదని కొట్టేయడానికి కోర్టులున్నాయి. తరగతిలో ఆ కోర్టు పని తాత్కాలికంగా మీది. ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి వాడవద్దు.

'వీటి మీద ఓటు లేదు' అని ఒక చార్టు రాయించి సభ జరిగే చోట అంటించండి. ఎవరి పక్కన ఎవరు కూర్చుని అన్నం తినాలన్నది, ఎవరు ఏ గ్లాసు ముట్టుకోవచ్చన్నది, ఒకరి మతం, కులం, రంగు, శరీరం, ఒక్కరినే పనికి కేటాయించడం. 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసిందని పుస్తకంలో ఉంటుంది. మధ్యాహ్నం పిల్లలు కంచాలు పట్టుకుని ఏ గుంపులుగా కూర్చుంటున్నారో వారం రోజులు గమనించండి, అది ఎంతవరకు అమలైందో తెలుస్తుంది. గుంపులు కనిపిస్తే ఉపన్యాసం వద్దు. భోజనాల వరుసను చీటీల ద్వారా నిర్ణయించి, మీరూ అదే వరుసలో కూర్చుని తినండి.

పెద్ద తరగతులకు కేరళ జాతీయగీతం కేసు చెప్పండి. తమ మత విశ్వాసం ఒప్పుకోదని ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడలేదు, అయితే మర్యాదగా లేచి నిలబడ్డారు. 1985లో బడి వాళ్లను తీసేసింది. 1986లో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి తెలుగువారే. మన సంప్రదాయం, తత్వం సహనాన్ని బోధిస్తాయనీ, మన రాజ్యాంగం దాన్ని ఆచరిస్తుందనీ, దాన్ని పలచన చేయవద్దనీ ఆయన ముగించారు. కేసు వివరాలు మాత్రమే ఇచ్చి, ముందు పిల్లల చేత తీర్పు రాయించండి. ఎక్కువ మంది బడి పక్షానే రాస్తారు. ఆ తర్వాత అసలు తీర్పు చదివితే వచ్చే చర్చ మామూలుగా ఉండదు.

తగాదా వచ్చినప్పుడు

శాంతి పాఠం ఇక్కడ ఉంది, పావురం బొమ్మల పోటీలో లేదు. ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే మనం సాధారణంగా చేసేది: ఇద్దరికీ చెరో చీవాటు, 'సారీ చెప్పు, చేతులు కలుపు'. చేతులు కలుపుతారు, గేటు దాటాక మళ్లీ కలబడతారు.

దీనికి బదులు ముందు ఇద్దరినీ విడదీసి, నీళ్లు తాగించి, కనీసం ఒక పీరియడు ఆగండి. తర్వాత విడివిడిగా ఏం జరిగిందో చెప్పమనండి, వీలైతే రాయమనండి. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టినప్పుడు ఒక్కటే షరతు: తన వాదన చెప్పేముందు ఎదుటివాడు చెప్పింది తన మాటల్లో తిరిగి చెప్పాలి, ఎదుటివాడు 'అవును, నేనన్నది అదే' అనాలి. ఇది పిల్లలకు కొట్టుకోవడం కంటే కష్టం. అయినా రెండు మూడుసార్లు అలవాటయ్యాక వేడి దానంతటదే దిగుతుంది. చివర్లో 'ఇప్పుడు ఏం జరిగితే నీకు సరిపోతుంది?' అని ఇద్దరినీ అడగండి. చిరిగిన చొక్కాకు గుండీ కుట్టించి ఇవ్వడం, పోయిన పెన్ను కొనివ్వడం, పిలిచిన పేరుతో ఇక పిలవకపోవడం. ఒప్పందం రెండు వాక్యాల్లో రాసి, వారం తర్వాత మళ్లీ పిలిచి అడగాలి. ఆ వారం తర్వాత అడగడం మనం మరచిపోతాం, క్యాలెండరులో రాసుకోండి. ఇద్దరు ముగ్గురు ఓపికగల పిల్లలకు ఈ పద్ధతి నేర్పితే చిన్న తగాదాలు వాళ్లే తీరుస్తారు.

దెబ్బలాటల కంటే మారుపేర్లు ఎక్కువ హాని చేస్తాయి. రంగును బట్టి, లావును బట్టి, కులాన్ని బట్టి, నాన్న చేసే పనిని బట్టి. పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో విశాఖపట్నంలో తెలుగులో రాసిన ప్రతిజ్ఞను దేశమంతా చదువుతోంది. 'ప్రతివారితోను మర్యాదగా నడచుకొంటాను' అన్న వాక్యం మన పిల్లలు రోజూ పొద్దున చెయ్యి చాచి చెబుతారు. ఒక సోమవారం ఆ ఒక్క వాక్యం దగ్గర ఆపి, 'నిన్న ఎవరిని ఏ పేరుతో పిలిచాం?' అని అడగండి. జవాబు పైకి చెప్పనక్కర్లేదు, చీటీ మీద రాసి చించేయవచ్చు.

ఒక హెచ్చరిక. అన్ని విషయాలూ సభకు, రాజీకి రాకూడదు. లైంగిక వేధింపు, ఇంట్లో హింస, తీవ్రమైన గాయం, కులం పేరుతో దూషణ, బాల్య వివాహం వంటివి ఏ కొంచెం తెలిసినా వెంటనే పెద్దలు చేయాల్సిన పని. బాలల సహాయ నంబరు 1098 గోడ మీద రాసి ఉండాలి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద నేరం జరిగినట్టు తెలిసినవారు ఫిర్యాదు చేయడం విధి. బడి పరువు పోతుందని లోపలే సర్దడం చట్టవిరుద్ధం.

బయటి రాజకీయం లోపలికి వస్తే

వస్తుంది. ఎన్నికల ఏడాది అయితే తప్పదు. 'సార్, మీరు ఏ పార్టీ?' అని అడుగుతారు. నా ఓటు రహస్యం అని చెప్పండి, అది దాటవేత కాదు, రాజ్యాంగ వ్యవస్థ నేర్పిన మర్యాదే. వాదన మాత్రం ఆపవద్దు. ఎవరైనా ఒక మాట అంటే 'అది జరిగిన విషయమా, నీ అభిప్రాయమా?' అని అడిగి బోర్డు మీద రెండు గళ్లలో రాయించండి. వాట్సాప్‌లో వచ్చింది ఏ గడిలోకి వెళుతుందో తేల్చడానికే కొంతసేపు పడుతుంది. ఆ తర్వాత పక్షాలు మార్చి, ఇంతవరకు వ్యతిరేకించిన వాదననే సమర్థించమనండి. నాయకుల కులం గురించి, కుటుంబాల గురించి మాట్లాడటం మొదలైతే అక్కడితో ఆపేయండి.

ఊరికి ఒక అర్జీ

రెండో విడత లీడరు వచ్చేసరికి పిల్లలను బడి గోడ దాటించండి. బడి దారిలో వాళ్లకే ఇబ్బంది కలిగించే ఒక విషయం ఎంచుకోవాలి: మూత లేని కాలువ, వెలగని వీధి దీపం, బస్సు ఆగని స్టాపు. మొదట అది ఎవరి పరిధిలోకి వస్తుందో కనుక్కోవాలి. కాలువ, దీపం పంచాయతీవి, బస్సు ఆర్టీసీది, రోడ్డు ఒక్కోసారి పంచాయతీది, ఒక్కోసారి ఆర్ అండ్ బీ శాఖది. ఈ వెతుకులాటలోనే సగం పౌరశాస్త్రం ఉంది. పిల్లలే కొలతలు తీసుకుని, ఎందరు పిల్లలు ఆ దారిన వస్తారో లెక్కపెట్టి, ఒక పేజీ అర్జీ రాయాలి. వేడుకోలు మాటలు తగ్గించి, సమస్య, చోటు, కోరిక స్పష్టంగా రాయించండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర ఎందుకని అడిగే పిల్లలుంటారు. రెండు నెలల తర్వాత సమాధానం రాకపోతే వాళ్లకే తెలుస్తుంది.

అక్టోబరు 2, జనవరి 26 వంటి రోజుల్లో గ్రామసభ జరిగితే, పెద్దల అనుమతితో నలుగురైదుగురు పిల్లలను తీసుకెళ్లండి. గ్రామసభకు 243-ఎ అధికరణంలో చోటు ఉందని ముందు రోజు చెప్పండి. ఎవరు మాట్లాడారు, ఆడవాళ్లు ఎందరు వచ్చారు, తీర్మానం రాశారా, సంతకాలు ఎప్పుడు తీసుకున్నారు అన్నవి గమనించి రావడం వాళ్ల పని. తిరిగొచ్చి తమ వారసభతో పోల్చి చెబుతారు. ఆ పోలిక విన్నాక సర్పంచి గారి ముందు జాగ్రత్తగా మాట్లాడాలని మీరే వాళ్లకు చెప్పుకోవాల్సి రావచ్చు.

మార్కులు వద్దు

వీటిలో దేనికీ మార్కులు వేయకండి. మార్కులు వచ్చిన మరుక్షణం పిల్లలు మనకు నచ్చే మాటలు మాట్లాడతారు. ఫలితం చూడాలంటే మినిట్సు పుస్తకం తిరగేయండి. మాట్లాడినవాళ్లలో కొత్త పేర్లు వస్తున్నాయా, అమ్మాయిల పేర్లు ఎన్ని, 'ఎవరు, ఎప్పటిలోగా' గళ్లలో పూర్తయినవి ఎన్ని, ఒకసారి చేసిన తీర్మానాన్ని వాళ్లే మళ్లీ మార్చుకున్నారా. చివరిది కనిపిస్తే పని బాగా సాగుతున్నట్టే.

మార్చిలో, పరీక్షల గంట మోగకముందే చివరి సభ పెట్టండి. లీడర్లు తమ విడతల లెక్క చెప్పాలి, ఆట వస్తువులు లెక్కపెట్టి అప్పగించాలి. మినిట్సు పుస్తకం హెచ్.ఎం. గారి బీరువాలో ఉంచి, జూన్‌లో అదే గదిలోకి వచ్చే కొత్త తరగతికి ఇవ్వండి. వాళ్లు పాత తీర్మానాల్లో ఉంచుకునేవి ఉంచుకుంటారు, కొట్టేసేవి కొట్టేస్తారు. రెండో ఫ్యాను సంగతి మాత్రం మళ్లీ మొదటి అంశంగానే రావచ్చు.